ఆ మూడు రూపాయల మీద ఇంత కోపమెందుకు?

సినిమా టికెట్టు మీద మెయింటెనెన్స్ చార్జీ పేరుతో తీసుకునే మూడు రూపాయలో ఐదు రూపాయలో ప్రేక్షకుడి మీద పడ్డ అన్యాయపు భారమని, దాన్ని ఎత్తేయాల్సిందేనని మన దగ్గర చాలామంది గట్టిగా నమ్ముతారు. ఏ పార్టీవాళ్లయినా, ఏ హీరో అభిమానులయినా ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉంటారు. "వాడి థియేటరు, వాడి వ్యాపారం. దాని మరమ్మతుకు మా డబ్బులెందుకు?" అంటారు. మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. ఆ చార్జీ ఉండాలి. అంతే కాదు, నగరాల్లోని మల్టీప్లెక్సుల టికెట్ల మీద కూడా చిన్న మొత్తం వేసి, దాన్ని జిల్లాల్లోని పాత థియేటర్ల బాగు కోసం విడిగా పెట్టాలంటాను.

నేను థియేటర్ యజమానిని కాను, సినిమా మనిషిని కూడా కాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఓ చిన్న పట్టణంలో థియేటర్‌కు ఎదురుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. ఈ చార్జీలో నాకు పైసా రాదు. టికెట్టుకు ఎక్కువ పెట్టినవాడు బజ్జీలకు తక్కువ పెడతాడన్న లెక్క ప్రకారమైతే దీన్ని అందరికన్నా ముందు నేనే వ్యతిరేకించాలి. మా బజారులో నాతోటి వ్యాపారుల్లో చాలామంది అదే లెక్క వేస్తున్నారు. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఉన్నదేమిటో చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబర్‌లో జారీ చేసిన జీవో 120 ప్రకారం ఏసీ లేని థియేటర్లో టికెట్టు కనీసం 30 రూపాయలు, గరిష్ఠంగా 70. ఏసీ థియేటర్లో 50 నుంచి 150 దాకా. మల్టీప్లెక్సుల్లో 100 నుంచి 250, రిక్లైనర్ సీటుకు 300. వీటి మీద జీఎస్టీ అదనం. అదే జీవోలో థియేటర్ నిర్వహణ కోసం ఏసీ హాలుకైతే టికెట్టుకు 5 రూపాయలు, ఏసీ లేనిదానికి 3 రూపాయలు తీసుకోవచ్చని రాశారు. ఇంత గొడవా ఈ 3 గురించీ, ఆ 5 గురించీ.

ఇప్పుడు అదే టికెట్టు మీద పడే మిగతా డబ్బు చూడండి. 150 రూపాయల టికెట్టుకు 18 శాతం జీఎస్టీ అంటే 27 రూపాయలు. ఫోన్లో బుక్ చేస్తే కన్వీనియెన్స్ ఫీజు ఇంకో పాతికో ముప్పయ్యో. ఆ ఫీజు ఎక్కడో బెంగళూరులోనో ముంబైలోనో కూర్చున్న కంపెనీకి చేరుతుంది. మా ఊరి హాల్లో పాడైన ఒక్క ఫ్యాను కూడా దానివల్ల తిరగదు. పెద్ద సినిమా వచ్చిందంటే రేట్లు పెంచుకోవడానికి ప్రత్యేక జీవో వస్తుంది. 2024 డిసెంబర్ 4 రాత్రి పుష్ప-2 బెనిఫిట్ షోకు టికెట్టు మీద 800 రూపాయలు పెంచుకోనిచ్చారు. 2025 సెప్టెంబర్‌లో ఓజీ ప్రీమియర్ టికెట్టు తెలంగాణలో 800, ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి. ఈ పెంపుల మీద హైకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ నా కొట్టు ముందు నిలబడి మూడు రూపాయల గురించి నాతో వాదించిన కుర్రాళ్లే ఆ ప్రీమియర్ టికెట్టు దొరకలేదని బాధపడటం చూశాను. వాళ్లను తప్పుపట్టను. అభిమానం డబ్బు లెక్క చూడదు. నేనడిగేది ఒక్కటే. ఇంత డబ్బు ఊరు దాటి పోతుంటే రాని కోపం, ఊళ్లోనే ఉండిపోయే మూడు రూపాయల మీద ఎందుకొస్తోంది?

ఊళ్లోనే ఉండిపోతుంది అన్నాను కాబట్టి ఆ సంగతి వివరంగా చెప్పాలి. టికెట్టు డబ్బు ఎటు పోతుందో చాలామందికి తెలియదు. నాకు కూడా థియేటర్ బుకింగ్ క్లర్కు మా దగ్గర టీ తాగుతూ చెబితేనే తెలిసింది. ముందు పన్ను తీసేస్తారు. మిగిలింది నెట్. పెద్ద సినిమాకు మన సింగిల్ స్క్రీన్లలో ఎక్కువగా నడిచేది అద్దె పద్ధతి. వారానికి ఇంత అని డిస్ట్రిబ్యూటర్ హాలుకు అద్దె కడతాడు, హౌస్‌ఫుల్ అయిన మొదటివారం కలెక్షన్ ఆయన తీసుకుపోతాడు. జనం తగ్గిన రెండోవారం నుంచి పర్సంటేజీ అంటారు. అంటే లాభమున్న వారంలో హాలుకు వాటా ఉండదు, నష్టమున్న వారంలో మాత్రం ఉంటుంది. మల్టీప్లెక్సులకు మొదటిరోజు నుంచే పర్సంటేజీ. మాకూ అదే ఇవ్వండని అడుగుతూ 2025 మేలో రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్నారు. అప్పుడు పత్రికల్లో, టీవీల్లో ఏ హీరో సినిమాను ఆపడానికి ఈ కుట్ర అన్న చర్చే జరిగింది తప్ప, వాళ్ల లెక్క ఏమిటని అడిగినవాళ్లు తక్కువ. అంతకుముందు సంవత్సరం, 2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూతపడ్డాయి. ఎన్నికలు, ఐపీఎల్ కారణంగా కొత్త సినిమాలు లేవు, వచ్చిన డబ్బు కరెంటు ఖర్చుకే చాలడంలేదని మూశారు.

మెయింటెనెన్స్ చార్జీ ఈ పంపకంలోకి రాదు. డిస్ట్రిబ్యూటర్‌కు వాటా లేదు, నిర్మాతకు లేదు, హీరో పారితోషికానికి సంబంధం లేదు. మొత్తం టికెట్టులో హాలు గోడలకు, సీట్లకు, మరుగుదొడ్లకు, నిప్పు ఆర్పే సిలిండర్లకు అని పేరు పెట్టి విడిగా తీసుకునే డబ్బు అదొక్కటే. టికెట్టు రేటు పెంచితే ఆ పెంపు పంపకంలో కలిసిపోతుంది. చార్జీ కలవదు. అందుకే టికెట్టు రేటు పెంచి థియేటర్లను బతికించుకోవచ్చు కదా అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. 800 రూపాయల టికెట్టు అమ్మిన రాత్రి కూడా అద్దె పద్ధతిలో ఉన్న హాలుకు దక్కేది ఆ ముందే మాట్లాడుకున్న అద్దే.

"నష్టం వస్తే మూసుకోనీ, మార్కెట్టే తేలుస్తుంది" అని కొందరు చదువుకున్న మిత్రులు అంటారు. ఏ మార్కెట్టు? నా ఇడ్లీ రేటు నేను పెట్టుకుంటాను. పప్పు ధర పెరిగితే ప్లేటుకు ఐదు రూపాయలు పెంచుతాను. జనం రాకపోతే తగ్గిస్తాను. థియేటర్‌వాడు టికెట్టు రేటు తను పెట్టుకోలేడు, దానికి జీవో ఉంది. ఏ సినిమా వేయాలో చాలాసార్లు తను తేల్చుకోలేడు. ఎన్ని షోలు వేయాలో లైసెన్సు చెబుతుంది. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలు తీసుకునే చార్జీల మీద 2018 మార్చిలో దక్షిణాది సినిమా పరిశ్రమ కొత్త సినిమాల విడుదలే ఆపేసి పోరాడింది. పోరాటం తర్వాత కూడా ఆ చార్జీలు పోలేదు. చేతులు కట్టేసి, ఈదితే బతుకుతావు లేకపోతే లేదు అని నీళ్లలోకి తోయడం మార్కెట్టు అనిపించుకోదు.

ఇక మా బజారు సంగతి. ఇది నాకు బాగా తెలిసిన విషయం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మా పట్టణంలో ఒకప్పుడు మూడు హాళ్లు. ఒకటి ఫంక్షన్ హాలయింది, ఒకటి కూలగొట్టి దుకాణాల సముదాయం కట్టారు, మూడోది నా ఎదురుగా ఉంది. మొదటిది మూతపడినప్పుడు దాని ముందున్న బజారులో ఎవరూ పెద్దగా బాధపడలేదు. టీవీలొచ్చాయి, సీడీలొచ్చాయి, ఎవరేం చేస్తారు అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి సైకిల్ స్టాండువాడు పోయాడు. తర్వాత సోడా బండి. తర్వాత ఫస్ట్ షో వదిలాక ఆడవాళ్లు కొనే పూలదుకాణం. ఆటోలు అక్కడ ఆగడం మానేశాయి. రాత్రి పది దాటితే ఆ వీధిలో దీపం ఉండేది కాదు. దీపం లేని వీధిలో ఆడపిల్లలు ట్యూషన్ నుంచి ఒంటరిగా నడిచి రావడం కూడా ఆగిపోయింది. ఫంక్షన్ హాలు వచ్చింది కదా అంటారు. వచ్చింది. మూఢాలు, ఆషాఢాలు పోగా పెళ్లిళ్లు ఉండే రోజులే దానికి రోజులు. భోజనం లోపలే పెడతారు. పెళ్లికొచ్చినవాడు బయటికొచ్చి మిర్చి బజ్జీ తినడు.

సినిమా హాలు రోజుకు నాలుగుసార్లు జనాన్ని పోగేసి నాలుగుసార్లు వీధిలోకి వదులుతుంది. ఆడే సినిమా బాగా లేకపోయినా, లోపల యాభైమందే ఉన్నా, ఇంటర్వెల్‌కు ఆ యాభైమందీ బయటికొస్తారు. మ్యాట్నీకి చుట్టుపక్కల పల్లెల నుంచి ఎరువుల కోసమో ఆస్పత్రి కోసమో వచ్చి, పని అయ్యాక సాయంత్రం బస్సు దాకా గడపాల్సినవాళ్లు కూర్చుంటారు. ఎండాకాలం మధ్యాహ్నం నీడకూ ఫ్యానుకూ వచ్చి కునుకు తీసేవాళ్లుంటారు. సెకండ్ షో ఉన్నన్నాళ్లూ నా పొయ్యి రాత్రి పన్నెండున్నర దాకా వెలుగుతుంది. అంటే నా దగ్గర పనిచేసే ఇద్దరికి రెండో పూట కూలి దొరుకుతుంది. టికెట్టు మూడు రూపాయలు పెరిగిందని నా దగ్గర ఒక బజ్జీ తగ్గించి తిన్న మనిషిని నేను చూడలేదు. షో రద్దయిన రోజు పిండి కలిపింది కలిపినట్టే పారబోసిన సందర్భాలు మాత్రం ఎన్నో.

అందుకే మా వ్యాపారుల లెక్క తప్పంటున్నాను. వాళ్లు ప్రేక్షకుడి జేబులోని మూడు రూపాయలను చూస్తున్నారు. ఆ ప్రేక్షకుడిని మన బజారుకు తెచ్చే హాలును చూడటం లేదు.

పేదవాడి మీద భారం అన్న మాటకు వస్తాను. ఈ మాట అనేవాళ్లలో నిజంగా పేదల గురించి ఆలోచించేవాళ్లున్నారు, వాళ్లకు జవాబు చెప్పాలి. నలుగురున్న కుటుంబానికి ఏసీ లేని హాల్లో ఈ చార్జీ 12 రూపాయలు. ఆ హాలు మూతపడితే అదే కుటుంబం సినిమా చూడాలంటే వరంగల్ వెళ్లాలి. మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం సరే, మగవాళ్లకు రానూపోనూ చార్జీలు కావాలి. మల్టీప్లెక్సులో అన్నిటికన్నా తక్కువ టికెట్టు వంద. 30 రూపాయల టికెట్టు ఇంకా ఉన్నది మా హాలులాంటి చోట్లే. లోపల పాప్‌కార్న్ ధర సంగతి చెప్పనక్కర్లేదు. ఆఖరి షో వదిలేసరికి బస్సు ఉండదు. ఆ కుటుంబం వెళ్లదు. అంతే. పేదవాడిని మూడు రూపాయల నుంచి కాపాడి సినిమాకే దూరం చేస్తాం.

అదీగాక, టికెట్టు ధరలో వచ్చిన ఊరటను ఎవరూ గమనించినట్టు లేరు. వంద రూపాయల లోపు టికెట్టు మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది. 70 రూపాయల టికెట్టు మీద అది దాదాపు 5 రూపాయల తగ్గుదల. ప్రభుత్వాలు వదులుకున్న దానిలో మూడు రూపాయలు మన ఊరి హాలుకు పెట్టలేమా?

ఇప్పుడు అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. "ఇన్నాళ్లూ తీసుకున్నారుగా, ఏం బాగుచేశారు? మరుగుదొడ్లోకి వెళ్లగలమా?"

వెళ్లలేం. ఈ మాట అన్నవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, వాళ్లకంటే గట్టిగా అంటాను. టికెట్టు మీద మెయింటెనెన్స్ అని ముద్ర వేసి డబ్బు తీసుకుని, తలుపులకు గడియ లేని, నీళ్లు రాని, లైటు లేని ఆడవాళ్ల మరుగుదొడ్డిని చూపించే యజమాని జనం డబ్బు తిన్నట్టే. ఇందులో సందేహం లేదు. కుటుంబాలు థియేటర్‌కు రావడం మానేయడానికి ఓటీటీలు కారణమని సభల్లో అంటారు. మా బజారులో ఆడవాళ్లను అడిగితే చెప్పేది వేరు. చిన్నపిల్లతో మూడు గంటలు లోపల కూర్చుంటే మధ్యలో ఎక్కడికి వెళ్లాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేక ఆగిపోయిన కుటుంబాలెన్నో. నా కొట్టు వెనకున్న మరుగుదొడ్డిని అడిగి వాడుకున్న తల్లులను నేను చూశాను. ఒక పట్టణంలో ఆడవాళ్లు కూడా రాత్రిపూట గుంపుగా వచ్చి, నవ్వి, ఏడ్చి, మాట్లాడుకుంటూ ఇంటికి నడిచి వెళ్లడానికి గుడి జాతర తర్వాత ఉన్నది సినిమా హాలే. ఆ అవకాశాన్ని కంపుకొట్టే గోడ దగ్గర పోగొట్టుకున్నాం.

కానీ దీనికి మందు చార్జీ ఎత్తేయడమా? డబ్బు తీసుకుని పని చేయకపోతే పని చేయించాలి. డబ్బూ వద్దు పనీ వద్దు అంటే ఆ గోడ అలాగే ఉంటుంది. ఇందులో ప్రభుత్వం తప్పు యజమాని తప్పు కన్నా తక్కువేమీ కాదు. వసూలు చేసుకోవచ్చని జీవోలో ఒక వాక్యం రాసి వదిలేశారు. ఆ డబ్బుకు విడి ఖాతా ఉండాలని గట్టిగా పట్టుబట్టలేదు, ఏటా ఖర్చు లెక్క జనానికి చూపించాలనలేదు, చూసి సంతకం పెట్టే మనిషిని పెట్టలేదు. కాపలా లేని డబ్బు ఎటు పోతుందో మనకు కొత్తగా చెప్పాలా?

మన దగ్గర ఇలాంటి చిన్న వసూళ్లు మంచికీ చెడుకూ ఉదాహరణలుగా ఉన్నాయి. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్న పద్ధతి అది. పుస్తకం ముట్టనివాడు కూడా కడతాడు. "వాళ్ల చదువుకు నా డబ్బెందుకు" అని ఎవరైనా కోర్టుకెక్కగా నేను వినలేదు. ఆ పైసలతోనే మా పట్టణంలో శాఖా గ్రంథాలయం నడిచింది. అక్కడ పోటీ పరీక్షలకు చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్న పిల్లలు ఈనాటికీ నా కొట్టుకు వస్తారు. అయితే చాలా మున్సిపాలిటీలు ఆ సెస్సు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థలకు ఇవ్వకుండా బకాయి పెట్టాయి. పుస్తకాలు రాలేదు, కుర్చీలు విరిగాయి. అప్పుడు మనం సెస్సు రద్దు చేయమన్నామా? బకాయి కట్టమన్నాం. అదే న్యాయం ఇక్కడెందుకు పనికిరాదు? వ్యవసాయ మార్కెట్ ఫీజు కూడా అంతే. యార్డులో జరిగే క్రయవిక్రయాల మీద తీసుకుని యార్డు షెడ్లకు, రోడ్లకు, కాంటాలకు పెట్టాలని ఉద్దేశం. షెడ్డు లేక మిర్చి తడిసినప్పుడు రైతు అడిగేది షెడ్డే. ఆర్టీసీ 2022లో పల్లెవెలుగు టికెట్టు మీద కూడా రూపాయి భద్రత సెస్సు, తర్వాత డీజిల్ సెస్సు వేసింది. జనం గొణిగారు, బస్సెక్కారు. బస్సు లేని ఊరికన్నా రూపాయి ఎక్కువైన బస్సు నయమని వాళ్లకు తెలుసు.

"బస్సు ప్రభుత్వానిది, థియేటర్ ప్రైవేటుది" అంటారు. తేడా ఉంది, కాదనను. అయితే ఐదారువందలమందిని చీకట్లో తలుపులు మూసి కూర్చోబెట్టే భవనం పూర్తిగా ప్రైవేటు ఎలా అవుతుంది? 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది చనిపోయారు. కింద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచాయి, పొగ హాల్లోకి వచ్చింది, బాల్కనీలో ఉన్నవాళ్లకు బయటపడే దారి దొరకలేదు. అదనపు సీట్ల కోసం దారులు మూసేశారు. ఆ భవనం ప్రైవేటుదే. చనిపోయినవాళ్లు మనవాళ్లు. సినిమా హాలుకు లైసెన్సు కావాలని, వైరింగూ నిప్పు భద్రతా తనిఖీ చేయాలని చట్టం ఎప్పటినుంచో అంటున్నది ఇందుకే. తనిఖీ చేసే హక్కు జనానిదైనప్పుడు, తనిఖీలో బయటపడ్డ లోపాన్ని సరిచేయడానికి జనం టికెట్టులో మూడు రూపాయలు పెట్టడం అసహజమేమీ కాదు.

ఇంకో భయం ఉంది. చార్జీ తీసుకుని హాలు బాగుచేసి, విలువ పెరిగాక ఫంక్షన్ హాలుకో షాపింగ్ కాంప్లెక్సుకో అమ్మేస్తే? ఇది ఊహ కాదు. హైదరాబాద్‌లో థియేటర్ స్థలాల విలువ ఎంతో అందరికీ తెలుసు. అమీర్‌పేట సత్యం థియేటర్ పోయిన చోట 2023లో ఏఏఏ మల్టీప్లెక్సు వచ్చింది. అక్కడ కనీసం సినిమా మిగిలింది. జిల్లా పట్టణాల్లో అదీ మిగలదు. కాబట్టి షరతు ఉండాలి. చార్జీ డబ్బుతో బాగుచేసుకున్న హాలు ఇన్నేళ్లు సినిమా హాలుగానే ఉండాలి. ముందే లైసెన్సు వదులుకుంటే ఆ డబ్బు తిరిగి కట్టాలి. దీనికి ఒప్పుకోని యజమానికి చార్జీ తీసుకునే హక్కు వద్దు. మా ఎదురు థియేటర్ యజమాని ఈ మాటకు నొచ్చుకుంటాడు. నొచ్చుకోనివ్వండి.

ప్రపంచంలో ఎక్కడా లేనిది అడుగుతున్నానా? ఫ్రాన్స్‌లో రెండో ప్రపంచ యుద్ధం అయిన వెంటనే, 1946లో, సినిమా కోసం ఒక జాతీయ సంస్థను పెట్టారు. 1948 నుంచి సినిమా టికెట్టు మీద ప్రత్యేక పన్ను ఉంది. ఇప్పుడది 10.72 శాతం. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాలో కలవదు, తిరిగి సినిమాకే వస్తుంది. నిర్మాణానికి కొంత, థియేటర్లకు కొంత. ఒక్కో హాలు తన టికెట్ల మీద కట్టినదాన్ని బట్టి ఆ హాలు పేరు మీద సాయం జమవుతుంది. దాన్ని హాలు మరమ్మతులకు, ఆధునికీకరణకే వాడుకోవాలి. చిన్న హాళ్లకు కట్టినదానిలో తిరిగొచ్చే వాటా పెద్దవాటికన్నా ఎక్కువ. అక్కడ చిన్న పట్టణాల్లో మున్సిపాలిటీలు నడిపే హాళ్లు కూడా ఉన్నాయి. ఫలితం ఏమిటంటే 2024లో ఆ దేశంలో 18 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. ఆ దేశ జనాభా ఏడు కోట్లకు కూడా రాదు. ఓటీటీలు వాళ్లకూ ఉన్నాయి. టికెట్టు మీద పన్ను వేస్తే జనం రారన్న మాటను ఫ్రాన్సు డెబ్బై ఏళ్లకు పైగా తప్పని నిరూపిస్తోంది.

బ్రిటన్‌లో ఇదే వాదన ఇప్పుడు సంగీతం విషయంలో నడుస్తోంది. 2023లో అక్కడ 125 చిన్న సంగీత వేదికలు మూతపడ్డాయి, లేదా కచేరీలు మానేశాయి. పెద్ద స్టేడియం కచేరీల టికెట్టు నుంచి కొంత తీసి చిన్న వేదికలకు ఇవ్వాలని 2024లో పార్లమెంటు కమిటీ చెప్పింది. పెద్ద గాయకులందరూ మొదట పాడింది ఆ చిన్న గదుల్లోనే అన్నది వాళ్ల వాదన. మన హీరోలకు మాత్రం వేరా? కోట్లు వసూలు చేసే వాళ్లందరికీ మొదట చప్పట్లు కొట్టింది, పేపర్లు ఎగరేసింది, కటౌట్ కట్టింది జిల్లాల్లోని నేల టికెట్టువాళ్లే.

అందుకే మల్టీప్లెక్సుల టికెట్టు మీద కూడా రెండు రూపాయలో మూడు రూపాయలో వేసి జిల్లా హాళ్లకు ఇవ్వమంటున్నాను. మా హాల్లో షోకు 80 మంది చొప్పున నాలుగు షోలకు మూడు రూపాయలు లెక్కేస్తే రోజుకు 960 రూపాయలు. చిన్న చిన్న మరమ్మతులు చేసుకోవచ్చు గాని, వైరింగు మొత్తం మార్చడానికో మరుగుదొడ్లు కొత్తగా కట్టడానికో చాలదు. నగరంలో ఒక పెద్ద మల్టీప్లెక్సులో వారాంతంలో రోజుకు మూడువేల టికెట్లు తెగితే రెండు రూపాయల చొప్పున 6,000. అక్కడి ప్రేక్షకుడికి ఆ రెండు రూపాయలు తెలియవు కూడా. ఇక్కడ అలా వచ్చే ఒక వారం డబ్బుతో ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపులు పెట్టించవచ్చు.

టికెట్టు డబ్బులో కొంత ప్రత్యేక అవసరానికి పక్కన పెట్టడమన్నది ఇక్కడ కూడా కొత్త ఆలోచన కాదు. కర్ణాటక 2024లో చట్టం చేసి, సినిమా, సాంస్కృతిక కార్మికుల సంక్షేమం కోసం టికెట్ల మీద ఒకటి నుంచి రెండు శాతం సెస్సుకు వీలు కల్పించింది. మన ముఖ్యమంత్రి 2025 అక్టోబర్‌లో సినీ కార్మికుల సభలో, పెంచిన టికెట్టు డబ్బులో 20 శాతం కార్మికులకు ఇస్తేనే పెంపు జీవోలు ఇస్తామన్నారు. మంచి మాట. అయితే ఆ కార్మికుల్లో జిల్లా హాలు గేట్‌కీపర్ లేడు, క్యాబిన్‌లో ఆపరేటర్ లేడు, తెల్లారి సీట్ల కింద ఊడ్చే ఆమె లేదు. సినిమా తీసినవాళ్లే సినిమా కార్మికులా? చూపించేవాళ్లు కారా?

2017 జులైలో జీఎస్టీ వచ్చేదాకా వినోదపు పన్నులో పెద్ద వాటా స్థానిక సంస్థలకు చేరేది. థియేటర్ నిండితే మున్సిపాలిటీకి డబ్బు. అందుకని హాలు ముందు రోడ్డు, కాలువ, వీధిదీపం గురించి కమిషనర్‌కు కాస్త పట్టింపు ఉండేది. ఆ బంధం తెగిపోయింది. ఇప్పుడు హాలు నడిచినా మూతపడినా మున్సిపాలిటీకి పెద్ద తేడా లేదు. అయినా స్థానిక సంస్థలు వినోదపు పన్ను వేసుకునే వీలును జీఎస్టీ చట్టం తీసేయలేదు. తమిళనాడు దాన్ని వాడుకుంటూనే ఉంది. కాబట్టి చట్టం అడ్డమొస్తుందన్న సాకు చెల్లదు.

మొన్న మా బజారులో ఈ చార్జీ ఎత్తేయాలంటూ ఒక అర్జీ తిప్పారు. సంతకం పెట్టనన్నాను. అర్జీ తెచ్చినవాళ్లకు కోపం వచ్చింది. వాళ్లు నాకు రోజూ కనిపించేవాళ్లే, మంచివాళ్లే. మార్చి తెస్తే పెడతానన్నాను. ఎలా మార్చాలో కూడా చెప్పాను. చార్జీ డబ్బుకు విడి ఖాతా ఉండాలి. నెలనెలా ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అన్నది బుకింగ్ కౌంటర్ పక్కన బోర్డు మీద తెలుగులో రాయాలి. ఏటా మొదట ఖర్చు పెట్టాల్సింది ఆడవాళ్ల మరుగుదొడ్డికీ, బయటపడే దారులకూ. తనిఖీకి రెవెన్యూ, ఫైర్ అధికారులతో పాటు బజారు నుంచి ఒక వ్యాపారి, ఊరి నుంచి ఒక మహిళ ఉండాలి. ఆరు నెలలు పని కనిపించకపోతే ఆ హాలుకు చార్జీ తీసుకునే అనుమతి ఆపేయాలి. మల్టీప్లెక్సుల వాటాను జిల్లాల వారీగా పంచాలి, ఏ హాలుకు ఎంత ఇచ్చారో అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఇది రాసి తెండి, మొదటి సంతకం నాది, తనిఖీకి వెళ్లే వ్యాపారి పేరు కింద నా పేరు రాసుకోండని చెప్పాను.